అట్ట చెక్కు

రెండు వేల పన్నెండు డిసెంబరు ఇరవై మూడు, ఆదివారం. ఆ మధ్యాహ్నం లైల్ పెరట్లో మంచు తవ్వి, బొగ్గుల పొయ్యి రాజేసి సాసేజీలు కాల్చాడు. అమెరికా ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న షెబోయ్‌గన్‌లో ఆ పనికి మంచు అడ్డమని ఎవరూ అనుకోరు. గట్టి రొట్టెను చీల్చి, రెండేసి సాసేజీలు జంటగా పెట్టి, పైన ఆవముద్ద రాసి, పచ్చి ఉల్లిపాయ తరుగు చల్లాడు. భార్య మార్లిస్ పక్కన బంగాళదుంపల సలాడు పెట్టింది. కాలుతున్నంత సేపు ఇద్దరికీ ఆకలే. తీరా పళ్ళాలు ముందుకొచ్చాక తినడం మరిచిపోయారు. చీకటి పడి, సాసేజీల మీద కొవ్వు తెల్లగా పేరుకున్నాక గుర్తొచ్చి తిన్నారు. అంత చల్లటి తిండి అంత రుచిగా ఉండటం లైల్ మళ్ళీ ఎరగడు.

మరిచిపోయేలా చేసింది ఒక కుర్రవాడి కుడికాలు. ఎక్కడో పన్నెండు వందల మైళ్ళ అవతల, వీళ్ళు టీవీలో చూస్తున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముగిసే క్షణాన, వాడు బంతిని తన్నాడు. అది ఎగిరి, గాలిలో కాస్త వంగి, రెండు స్తంభాల నడుమ నుంచి దూరింది. ఆ తన్నుతో లైల్, మార్లిస్‌ల జట్టు దేశం మొత్తం మీద మొదటి స్థానానికి వచ్చింది.

జట్టంటే నిజం జట్టు కాదు. నిజం ఆటగాళ్ళ పేర్లను వంతుల వారీగా ఏరుకుని, ఆదివారం మైదానంలో వాళ్ళు ఆడినదాన్ని బట్టి పాయింట్లు వేసుకునే పందెం. ఊళ్ళో సరదాకి ఆడేవాళ్ళు చాలామందే ఉన్నారు. వీళ్ళది మాత్రం పెద్ద పందెం. ఆగస్టులో లాస్ వేగస్ వెళ్ళి, ఒక హోటల్ హాల్లో కూర్చుని పేర్లు పిలవాలి. ప్రవేశ రుసుముతో ఓ మంచి పాత కారు కొనుక్కోవచ్చు. గెలిస్తే లక్ష డాలర్లు.

ఏరడంలో మార్లిస్‌ది అందె వేసిన చేయి. లైల్‌కి ఆటగాళ్ళ మీద మమకారం ఎక్కువ. మన రాష్ట్రపు పిల్లాడనీ, పాపం మోకాలికి ఆపరేషనైనా తిరిగొచ్చాడనీ ఒక్కొక్కణ్ని వెనకేసుకొచ్చేవాడు. అలాంటివాణ్ని ఏ వారం ఆడించాలో తేల్చుకోలేక, దెబ్బ తగులుతుందేమోనని బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. వాడు సరిగ్గా ఆ వారమే చెలరేగిపోయేవాడు. బెంచీ మీదున్నవాడి పాయింట్లు లెక్కకి రావు. ఈ ఆటలో అంతకన్నా సిగ్గుచేటు లేదు.

"బెంచీ మీద కూర్చోబెట్టి పూజ చేస్తావేమిటోయ్? ఆటగాణ్ని ఆడించాలి," అనేది మార్లిస్.

మొగుడు చిన్నబుచ్చుకోకుండా చివరి వంతు మాత్రం అతనికే వదిలేసేది. చివరి వంతులో బంతి తన్నేవాణ్ని ఎంచుకోవడం ఆనవాయితీ. దాంతో కొంపలేం మునిగిపోవన్నది అందరి నమ్మకం. అలా చివరి వంతులో లైల్ పిలిచిన పేరు ఆ కుడికాలి కుర్రవాడిది. చల్లారిన సాసేజీ చేత్తో పట్టుకుని మార్లిస్ అతన్ని చూసిన చూపు అతనికి లక్ష డాలర్ల కన్నా ఎక్కువే.

మార్చిలో మళ్ళీ వేగస్‌లో బహుమతుల సభ. పందెం నడిపే రస్టీ, ఎర్రజుట్టు, పొడవాటి బూట్లు, ఎవరిని చూసినా తమ్ముడూ, చెల్లెమ్మా అని వాటేసుకునే మనిషి. వేదిక మీద మనిషెత్తు అట్ట చెక్కు చేతికిచ్చి ఫొటోలు తీయించాడు. అసలు చెక్కు ఆరు వారాల్లో ఇంటికి వస్తుందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మార్లిస్ కొట్టలేదు. ముప్పై ఏళ్ళు కుర్చీల ఫ్యాక్టరీలో జీతాలు పంచిన మనిషి ఆమె. చేతిసంచీలోంచి లావుపాటి నల్ల పెన్ను తీసి అతని ముందు పెట్టింది.

"ఇక్కడ కంపెనీ పేరుంది నాయనా, నీ పేరు లేదు. కంపెనీ ఇవ్వకపోతే నేనిస్తానని రాసి సంతకం పెట్టు."

హాలంతా గొల్లుమంది. నవ్వుతున్న జనం ముందు రస్టీ కూడా నవ్వుతూ, అట్ట కింది అంచున ఆ మాటే పెద్ద అక్షరాలతో రాసి, తన పూర్తి పేరు సంతకం చేశాడు. ఆమె జోకేసిందనే లైల్ కూడా అనుకున్నాడు.

విమానంలో ఆ అట్ట ఎక్కడా పట్టలేదు. మార్లిస్ దాన్ని వదిలి రానంది. చివరికి ఒక ఎయిర్ హోస్టెస్ తన కోటు తీసి చేతిమీద వేసుకుని, కోట్ల అరలో దాన్ని ఏటవాలుగా నిలబెట్టింది. ఆ పిల్ల ముఖం లైల్‌కి ఇప్పటికీ గుర్తే.

ఆరు వారాలు ఆరు నెలలయ్యాయి. రస్టీ మొదట పన్నుల కాగితాలన్నాడు, తర్వాత బ్యాంకన్నాడు, ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు. అప్పటికి లైల్ ఇంట్లో రస్టీ గురించి మాట్లాడుకోవడం కూడా మానేశారు. మార్లిస్‌కి జబ్బని తెలిసింది.

తూర్పు కిటికీ ఉన్న చిన్న గదిలో, సరస్సు కనపడేలా ఆమెకు మంచం వేశాడు. కూర్చుంటే ఒళ్ళో పెట్టుకోవడానికి బల్ల కావలసి వచ్చింది. కొనబోతే ఆమె వద్దంది. మంచానికి అటొకటి ఇటొకటి ఎత్తు పీటలు వేయించి, వాటి మీద అట్ట చెక్కు పరిపించింది. సూపు దాని మీదే, టీ దాని మీదే. "లక్ష డాలర్ల బల్ల. ఈ వీధిలో ఇంకెవరికుంది?" అనేది వచ్చినవాళ్ళతో. చివరి నెలల్లో దాన్ని తిరగేసి, తెల్లటి వెనక వైపున బొమ్మ ముక్కలు పేర్చడం మొదలుపెట్టింది. వెయ్యి ముక్కల రేవు బొమ్మ. ఎర్ర దీపస్తంభం, పడవలు, పైన బోలెడు ఆకాశం.

రాత్రుళ్ళు లైల్‌ని ఎదురు గదిలో పడుకోమనేది. కానీ తలుపు మూయనిచ్చేది కాదు. "తీసే ఉంచు. నీ దగ్గు వినపడితే నాకు నిద్ర పడుతుంది."

ఆమె పోయి ఏడాదిన్నర అయింది. తలుపు తీసే ఉంది. మంచం మీద అడ్డంగా అట్ట, దాని మీద ఆకాశం లేని రేవు అలాగే ఉన్నాయి. లైల్ రోజూ దుమ్ము పట్టకుండా మెత్తటి కుంచెతో తుడుస్తాడు. ఒక్క ముక్క కూడా కదపలేదు, చేర్చలేదు.

అక్టోబరులో ఒక గురువారం సాయంత్రం డ్వేన్ వచ్చాడు. వంటింటి అల్మరాలు చేసే వడ్రంగి. ఒకప్పుడు హైస్కూల్లో లైల్ దగ్గర కెమిస్ట్రీ చదివి, ఒక కనుబొమ్మ కాల్చుకున్నవాడు. వాణ్ని వేగస్ పందెంలోకి లాక్కెళ్ళింది లైల్ దంపతులే. అదే ఏడు మూడో స్థానంలో గెలిచాడు. వాడికీ రాలేదు. డబ్బు వస్తుందని ముందే కొన్న పికప్ ట్రక్కును నష్టానికి అమ్ముకున్నాడు. గుమ్మంలో బూట్లు విప్పి, భార్య పంపిన కోడి సూపు గిన్నె వంటింట్లో పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు.

సంగతి ఫోన్లో ముందే రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ లైల్ చూద్దాంలే అని మాట మార్చాడు. బహుమతులు అందని వాళ్ళందరూ కలిసి వేసిన దావా సోమవారం మిల్వాకీ కోర్టులో విచారణకు వస్తోంది. కంపెనీ దివాలా తీసింది, దాని దగ్గర చిల్లిగవ్వ లేదు. రస్టీకి మాత్రం సొంత ఇల్లుంది, పడవుంది. నాకూ ఆ కంపెనీకీ సంబంధమేమిటి, నేనూ జీతగాణ్నే అంటున్నాడు. తానే ఇస్తానని అతను రాసింది ప్రపంచంలో ఒక్కచోటే ఉంది. ఆనాటి ఫొటోల్లో సరిగ్గా ఆ రాత మీదే దీపపు వెలుగు పడి ఏమీ కనపడటం లేదు. లాయరు ఆ అట్టనే తెమ్మంటున్నాడు.

లైల్ వాణ్ని చిన్న గది దాకా తీసుకెళ్ళాడు. డ్వేన్ గడప దాటలేదు. మంచాన్నీ, పీటల్నీ, రేవునూ చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇలా ఉందని నాకు తెలీదు మాష్టారూ."

"ఎవరికీ తెలీదు."

"ఆకాశం మిగిలిపోయిందా?"

"తనకి విసుగు. అంతా ఒకటే నీలం, తర్వాత చూద్దాంలే అనేది."

డ్వేన్ టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూ నిలుచున్నాడు. ఇంట్లోని ముసలి పిల్లి ఎక్కణ్నుంచో వచ్చి వాడి మేజోళ్ళు వాసన చూసింది.

"నాకు డబ్బు సంగతి కాదు డ్వేన్," అన్నాడు లైల్.

"నాకు డబ్బు సంగతే మాష్టారూ. మీ దగ్గర అబద్ధమాడితే దొరికిపోతానని స్కూల్లోనే తెలిసింది. నాకే కాదు, మిగతా వాళ్ళకీ అంతే. కానీ మీరు వద్దంటే ఇది చూడలేదనే చెప్తాను. అట్ట పోయిందంటాను."

బలవంతం చేసి ఉంటే లైల్ కాదనేసేవాడు. వాడు చేయలేదు. లైల్ కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. నీళ్ళ మీద వెలుగు సన్నగిల్లుతోంది. మార్లిస్ ఉంటే ఈపాటికి వీణ్ని ట్రక్కు గురించి దులిపేసి ఉండేది. ఆ తర్వాత ఏమనేదో కూడా లైల్‌కి తెలుసు. నిండిన హాల్లో, నవ్వుతున్న జనం మధ్య, పెన్ను తీసి రస్టీ ముందు పెట్టిన మనిషి ఆమె. ఇంట్లో దాచుకుని చూసుకోవడానికి ఆ సంతకం పెట్టించలేదు.

"బెంచీ మీద కూర్చోబెట్టాను," అన్నాడు మెల్లగా.

"ఏమిటి మాష్టారూ?"

"ఏం లేదు. ఈ ముక్కలు చెదరకుండా అట్ట తీయడం నీ చేతనవుతుందా?"

డ్వేన్ బండిలోంచి పల్చటి ప్లైవుడ్ పలక తెచ్చాడు. దాని అంచు నున్నగా చిత్రిక పట్టి ఉంది. పలకను అట్టకు ఆనించి పట్టుకుంటే, లైల్ రేవును అరచేతులతో అంగుళం అంగుళం జరిపాడు. పడవలు వచ్చాయి. దీపస్తంభం వచ్చింది. నెలల తరబడి బరువు మోసి అట్ట నడుమ కాస్త కుంగింది. అక్కడికి వచ్చేసరికి ఒడ్డు వైపు మూల తట్టుకుని వంగి విరిగింది. గుప్పెడు ముక్కలు నేల మీద జలజలా రాలాయి.

డ్వేన్ పలకను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. "చంపేశాను," అన్నాడు.

లైల్ రేవు మీంచి చేతులు తీశాడు. ఆ తర్వాత వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లిని పక్కకు నెట్టి ముక్కలు ఏరసాగాడు. డ్వేన్ ఎదురుగా చతికిలబడ్డాడు. పలకను కిటికీ కింద తక్కువ ఎత్తు పీట మీదికి చేర్చి, ఇద్దరూ ఒడ్డును మళ్ళీ పేర్చారు. ఇంటి దగ్గర భోజనానికి ఎదురుచూస్తున్నా డ్వేన్ గడియారం చూడలేదు. క్షమించమని మళ్ళీ మళ్ళీ అనలేదు. లైల్‌కి అది ఉపకారంగా తోచింది. మార్లిస్ వేళ్ళు నొక్కిన ముక్కల్ని ఇన్నాళ్ళకు తన వేళ్ళతో నొక్కుతుంటే, పక్కన కూర్చుని ఆమె పని అందుకుంటున్నట్టుంది. ఆమె ఉన్నప్పుడు ఒక్కసారి కూడా ఇలా కూర్చోలేదు. టీ తెచ్చిచ్చి నిలబడి చూసేవాడంతే.

ఆఖరి ముక్క కూర్చున్నాక అట్టను తిరగేశారు. కింది అంచున రస్టీ రాత నల్లగా, స్పష్టంగా ఉంది. దాని పైన, లక్ష అంకె పక్కన, టీ కప్పు అడుగుల మరకలు ఒకదాని పక్కన ఒకటి గుండ్రంగా పడి ఉన్నాయి.

డ్వేన్ వంగి చూశాడు. "మార్లిస్ గారు సున్నాలు పెంచేశారు మాష్టారూ."

లైల్‌కి నవ్వొచ్చింది. ఆ గదిలో నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. డ్వేన్ అటు తిరిగి సరస్సును చూస్తున్నట్టు నిలబడ్డాడు.

అట్టను దుప్పట్లో చుట్టి బండి ఎక్కించారు. పని కాగానే తిరిగి తెచ్చి ఇస్తానన్నాడు డ్వేన్.

"తేగలిగితే తే. ఆ మరకలు మాత్రం ఎవర్నీ తుడవనివ్వకు."

"లాయరు చేయి వేస్తే విరగ్గొడతాను," అన్నాడు వాడు బూట్లు తొడుక్కుంటూ.

బండి మలుపు తిరిగే దాకా లైల్ మెట్ల మీద నిలబడ్డాడు. రస్టీ ఇస్తాడో ఇవ్వడో అన్న ఆలోచన అతనికి రాలేదు. మంచం మీద అడ్డం లేకపోతే ఆ గది ఎంత పెద్దగా కనపడుతుందో అనుకున్నాడు. లోపలికి వచ్చి, కోడి సూపు వెచ్చబెట్టుకుని, ఆ గిన్నె చేత్తో పట్టుకుని చిన్న గదిలో ఖాళీ మంచం అంచున కూర్చుని తాగాడు. కిటికీ బయట నీరూ నింగీ కలిసిపోయాయి. గిన్నె పక్కన పెట్టి, దీపం వేసి, డబ్బాలో మిగిలిన నీలం ముక్కల్లోంచి ఒకటి తీశాడు. దీపస్తంభం కొసన అటూ ఇటూ తిప్పి చూశాడు. అది కాదు. ఇంకొకటి తీశాడు. అది కూడా కాదు. ఎన్నోదో మరి, ఒకటి మెత్తగా కూర్చుంది.

దీపం ఆర్పి బయటికి వస్తుంటే పిల్లి తలుపు సందులో నిలబడి, కిటికీ కింది పీట వైపు మెడ సాచింది. ఇప్పుడది అందే ఎత్తులోనే ఉంది. రాత్రి ఒక్క గెంతు చాలు.

లైల్ దాన్ని ఎత్తుకుని చంకలో పెట్టుకున్నాడు. గడప దగ్గర కాసేపు ఆగాడు. గదిలోకి వినపడేలా ఒకసారి దగ్గాడు. ఆ తర్వాత గడియ చప్పుడు కాకుండా పిడి తిప్పి పట్టుకుని, తలుపు మూశాడు.