ఆకుపచ్చకు తిరగని కాగితం

"ఏం మింగింది? చెప్పండి, త్వరగా!"

డాక్టరమ్మ అడుగుతూనే అమ్మ మోకాలి మీద చిన్న సుత్తితో తట్టింది. కాలు కదల్లేదు. రెండో మోకాలూ అంతే. తెర మీద గుండె అంకె నలభై దగ్గర ఊగిసలాడుతోంది.

"ఏ మందులు వాడుతోంది?"

"మందులా? ఒక్కటీ లేదండీ" అన్నాడు నాన్న. "తలనొప్పి బిళ్ళ ఇచ్చినా కిటికీలోంచి పారేసే రకం."

"కిడ్నీ జబ్బేమైనా ఉందా?"

"అబ్బే. నాలుగు నెలల కిందటే పరీక్ష చేయించాం. అంతా శుభ్రంగా ఉంది."

నేను డాక్టరమ్మ మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. "కిడ్నీలు సగం కూడా పనిచేయట్లేదండీ. రిపోర్టు తెచ్చింది నేనే. వాళ్ళిద్దరికీ చెప్పలేదు."

ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. మంచం దగ్గరికి పరుగెత్తింది.

ఆ రిపోర్టు వచ్చింది నాన్న పనిచేసే అద్దకం మిల్లు మూతపడిన వారంలో. ముప్పై ఆరేళ్ళు రంగు తొట్ల దగ్గర మేస్త్రీగా బతికిన మనిషి, పట్టపగలు గోడవైపు తిరిగి పడుకునేవాడు. దీని మీద ఇదొకటి ఎందుకు, స్పెషలిస్టుకు చూపించాక చెబుదాంలే అనుకున్నాను. స్పెషలిస్టు దగ్గర పేరు రాయించాను కూడా. ఆ రోజు ఆఫీసులో సెలవు దొరకలేదు. మళ్ళీ రాయించలేదు.

ఇరవై నిమిషాల్లో రక్తం ఫలితం వచ్చింది.

"మెగ్నీషియం" అంది డాక్టరమ్మ. "ఉండాల్సినదానికి ఐదింతలు. కిడ్నీలు బాగుంటే ఎక్కువైంది బయటికి పోయేది. ఈవిడకు పోయే దారి లేక పేరుకుపోయింది. కాల్షియం ఎక్కిస్తున్నాం, డయాలిసిస్‌కు సిద్ధం చేస్తున్నాం. ఇంట్లో ఏదో డబ్బా ఉండాలి. ఎంత పడిందో, ఎప్పుడు పడిందో తెలియాలి. వెళ్ళు."

నాన్నను అప్పటికే సంతకాల కోసం కిందికి పంపించారు. ఆయన కోసం ఆగలేదు. ఇల్లు రెండు వీధుల అవతలే. పరుగెత్తుతుండగానే నా మనసులో దోషి ఖాయమైపోయింది. పిన్ని. మా కింది వాటాలో ఉంటుంది. రోజూ పొద్దున పదిమందిని చాప మీద కూర్చోబెట్టి, ఒంట్లో పులుపే సకల రోగాలకూ మూలమని పాఠం చెబుతుంది.

వంటింట్లో డబ్బాలన్నీ దింపాను. ఏ డబ్బా మీదా మెగ్నీషియం అని లేదు. కారం డబ్బా వెనకాల ఒకటి కనబడింది. దాని మీద నాన్న అక్షరాలు: ఉప్పు. మూత తీస్తే తెల్లటి మెత్తని పొడి. మిల్లులో తెల్లగా ఉండే ప్రతి పొడినీ ఉప్పు అనే అంటారు. అందుకే మందులు లేవన్నాడు. ఆయన అబద్ధమాడలేదు.

డబ్బా పక్కనే షేడ్ పుస్తకం. మిల్లులో ఏ తొట్టిలో ఏ రంగు పడిందో దారపు ముక్క అంటించి రాసుకునే పుస్తకం. తెరిచాను. దారాలు లేవు. పులుపు ఎంతుందో రంగు మారి చూపే కాగితపు ముక్కలున్నాయి, రోజుకొకటి, తేదీతో సహా. రంగునీళ్ళలో ముంచితే పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగేదాకా సోడా వేస్తూ పోవాలి. ఆ పని ఆయనకు నిద్రలోనైనా వచ్చు. ఇక్కడ ముంచింది అమ్మ మూత్రంలో, వేసింది సోడా బదులు ఈ పొడి.

మొదటి రోజు కాగితం పసుపు. పక్కన: ఒక చెంచా. పదో రోజూ పసుపే. రెండు చెంచాలు. నెల తిరిగేసరికి నాలుగు. ఈ పొద్దుటి కాగితం కింద ఏడు అని ఉంది. అంచున, మొండికేసిన తొట్టి గురించి రాసుకున్నట్టే రాసుకున్నాడు: ఇంకా తిరగలేదు.

నేను చూడకపోలేదు. ఓ ఆదివారం అమ్మ నవ్వుతూ చెప్పింది కూడా. "మీ నాన్న నన్ను దుప్పటి అనుకుంటున్నాడే. రేపోమాపో ఉడకబెట్టి ఆరేస్తాడు." నేనూ నవ్వాను. ఆయన మంచం దిగాడు, అదే చాలనుకున్నాను.

"చిట్టీ, అక్కకెలా ఉంది?" గుమ్మంలో పిన్ని.

"ఈ పొడి ఇప్పించింది నువ్వేనా?"

"నేనే, మెగ్నీషియం పొడి. అక్క కాళ్ళు పట్టేస్తున్నాయంది. రోజుకో చెంచా, ఒక్క వారం అన్నాను."

"ఏడు చెంచాలు పిన్నీ! నీ పాఠాలు మండిపోను, ఏడు!"

"ఏడా? నేనలా చెప్పలేదే. నా మీద ఎగిరిపడకు. కిడ్నీలు బాగున్నవాళ్ళకే ఇవ్వాలి బావా, పరీక్ష చేయించారా అని రెండుసార్లు అడిగాను. మా చిట్టి రిపోర్టు తెచ్చింది, గాజు గ్లాసుల్లా ఉన్నాయట అన్నాడు. నువ్వే చెప్పావటగా?"

గాజు గ్లాసులు. ఆ మాట నాదే. నాన్నను నవ్వించడానికి అన్నాను.

డబ్బా, పుస్తకం పట్టుకుని పిన్నితో కలిసి తిరిగి పరుగెత్తాను. డాక్టరమ్మ పుస్తకం వేగంగా తిరగేసింది. "మూత్రంలో ముంచిన కాగితం చూసి రక్తం సంగతి చెప్పలేం. పైగా ఈ కిడ్నీలతో కాగితం తిరగడం కష్టం. ఆయన వేస్తూనే ఉండేవాడు." డయాలిసిస్ మొదలుపెట్టిన నలభై నిమిషాలకు అమ్మ గుండె ఆగింది. మూడుసార్లు ప్రయత్నించారు. బయట మధ్యాహ్నం ఎండ. భోజనాల బండి గలగలమంటూ వెళ్ళిపోయింది.

ఆ పొడే కారణమని విని నాన్న వరండాలో నేల మీద కూలబడ్డాడు. షేడ్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయే ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు. నర్సుకి, నేల తుడిచే ఆవిడకి, ఎవరో రోగి తమ్ముడికి.

"నేనే చంపానండీ. చేదుగా ఉందండీ అంటే, తాగవే, రేపు తిరుగుతుంది అన్నాను. మనిషిని తొట్టి అనుకున్నాను."

డాక్టరమ్మకు రిపోర్టు సంగతి తెలుసు. పిన్నికి తెలుసు. ఇద్దరూ నా వైపు చూడలేదు. నేను నోరు మూసుకుంటే చాలు, ఈ మాట జన్మంతా ఆయనదే. ఆయన దాన్ని మోస్తాడు, ఎవరి మీదా తొయ్యడు. అలాంటి మనిషి.

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. చేతులు పట్టుకున్నాను. గోళ్ళ చుట్టూ ఇంకా నీలం మరకలు.

"నాన్నా, కిడ్నీలు బాగున్నాయని నీకు చెప్పిందెవరు?"

"నువ్వే కదమ్మా."

"బాగాలేవు నాన్నా. నాలుగు నెలల కిందటే పాడయ్యాయి. కాగితం మీద రాసిచ్చారు. చదివి, మడిచి, ఆఫీసు సొరుగులో పెట్టాను."

ఆయనకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు.

"ఊరుకోమ్మా" అన్నాడు. "నువ్వేం చేశావు?"

పిన్ని నా భుజం నొక్కింది, చాలించమన్నట్టు. నేను ఆ చెయ్యి తీసేశాను. వరండాలో అందరికీ వినబడేలా చెప్పాను.

"నువ్వు కాదు నాన్నా. పిన్నీ కాదు. అమ్మను చంపింది నేను."