తాళం కప్ప లేని గేటు

"మా ఇంట్లో దొంగ పడలేదు మిస్టర్ డెవ్లిన్, మీరే పడేశారు! వీధి తలుపు తాళం ఊడిపోయి చలికాలం దాటింది. వెనక సందులో, మంటలొస్తే కిటికీల్లోంచి దిగే ఇనుప మెట్ల నిచ్చెన నేలదాకా వేలాడుతోంది. రా నాయనా అని వాణ్ని పిలిచింది మీరు. పాపం, వాడు మాట కాదనలేక ఎక్కొచ్చాడు!"

మిరేయా తవారెస్ అరుస్తుంటే బిల్డింగు మేనేజరు డెవ్లిన్ కాఫీ చల్లారకుండా చూసుకున్నాడు. అలాంటివాళ్లు మనమీద కోపం కూడా ఖర్చుపెట్టరు.

"కిటికీకి ఇనుప ఊచల గేటు పెట్టించుకోండి మేడమ్. కావాలో వద్దో మీ ఇష్టం."

ఇష్టమట! దారి తెరిచిపెట్టింది వాళ్లు. మూసుకోవడం మాత్రం మన ఇష్టం. వాషింగ్టన్ హైట్స్ పేటలో అద్దెకుండేవాళ్లందరికీ దొరికే స్వేచ్ఛ ఇదొక్కటే.

మిరేయా పొద్దున్నే హోటల్ లాండ్రీకి పోతే, ఇంట్లో మిగిలేది తల్లి క్రిసాంతా ఒక్కతే. ఆవిడ మోకాళ్లు మొరాయిస్తాయి. పడుకునేది ఇనుప మెట్లవైపు కిటికీ ఉన్న ఆ గదిలోనే. గేటు లేకపోతే దొంగ మళ్లీ వస్తాడు. గేటు పెడితే, గుమ్మం పక్కనున్న వంటింట్లో మంటలు లేస్తే ముసలావిడ ఎటు పోవాలి? ఆ ఇనుప మెట్లు తప్ప ఇంకో దారి లేదు.

పైయింటి ఒతిలియో, బస్సులు నడిపి నడిపి రిటైరైనవాడు, సలహా ఇవ్వడానికి దిగొచ్చాడు.

"పెట్టించెయ్ మిహా, నా తల్లీ. నా కిటికీకి రెండు తాళం కప్పలు."

"నన్ను గూట్లో కోడిని చేస్తారా?" అంది క్రిసాంతా.

"గూట్లో ఉన్న కోడిని నక్క ఎత్తుకుపోదు దోన్యా క్రిసాంతా."

"గూటికి నిప్పంటుకుంటే?"

"అప్పుడు వేపుడే!"

ఒతిలియో ఒక్కడే నవ్వాడు.

ఇనప సామాన్ల కొట్టులో రెండు రకాల మడత గేట్లున్నాయి. ఒకటి లోపలినుంచి చేత్తో నొక్కితే తెరుచుకుంటుంది. రెండోదానికి బలమైన తాళం కప్ప. మనం తెరవగలిగింది దొంగా తెరుస్తాడనుకుని మిరేయా కప్ప ఉన్నదే తెచ్చింది. తాళంచెవిని కిటికీ పక్కన మేకుకి తగిలిస్తే ఊచల్లోంచి తీగ దూర్చి లాగేస్తారు, అది అందరికీ తెలుసు. అందుకని ఆ వీధిలో సగం ఇళ్ల తాళంచెవులు సెయింట్ల బొమ్మల కాళ్ల కిందే ఉంటాయి. మిరేయా కూడా కిటికీ గది అలమరలో, పోయిన వస్తువులు వెతికిపెట్టే సెయింటు సాన్ అంతోనియో మట్టిబొమ్మ కింద పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం క్రిసాంతా అరటికాయ వేపడానికి నూనె పెట్టి, కాళ్లు లాగుతున్నాయని కాసేపు వాలింది. మూకుడు అంటుకుంది. నల్లటి పొగ నడవాలోకి తోసుకొచ్చింది. మిరేయా తల్లిని లేపి, కిటికీ అద్దం పైకెత్తి, అలమరలో చెయ్యి పెట్టింది. ఖాళీ.

"మామీ! సాన్ అంతోనియో ఏడీ?"

"శిక్షలో ఉన్నాడు."

"ఎక్కడ?!"

"బియ్యం డబ్బాలో, తలకిందులుగా. దొంగ ఎత్తుకుపోయిన టీవీ వెతికి పెట్టేదాకా తియ్యనన్నాను."

"ఆయన కింద తాళంచెవి?"

"ఆ ఇనప ముక్కా? అదీ ఆయనతోపాటే వేశా. ఆయనదనుకున్నా."

బియ్యం డబ్బా ఉంది వంటింట్లో. మంట ఉంది వంటింట్లో. తల్లి గేటు ఊచలు పట్టుకుని ఊపుతోంది. ఆ ఇనుము కదలదు. దొంగని ఆపడానికి తెచ్చింది, అమ్మని ఆపింది.

మిరేయా తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని వంటింట్లోకి దూకింది. మూకుడు మీద మూత బోర్లించి, స్టవ్ ఆర్పింది. మణికట్టు కాలింది. మంట చిన్నది గనక కాలింది మణికట్టే.

సోమవారం ఆమె పనికి పోలేదు. ఒతిలియో స్క్రూలు విప్పాడు. ఇద్దరూ గేటుని భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే జనం తలుపులు తీశారు.

"ఎక్కడికే?"

"మన గూళ్లు కట్టించినవాడి దగ్గరికి. మీ తాళం కప్పలూ, చెవులూ పట్రండి."

ఒక్కొక్కరే వెంట నడిచారు, అందరి వెనక మెల్లగా క్రిసాంతా. డెవ్లిన్ బల్లమీద గేటు ధడేల్మని పడింది. దాని పక్కన తాళం కప్పలు గుట్టయ్యాయి. ఒతిలియో తాళంచెవులన్నీ వెంట తెచ్చిన బియ్యం డబ్బాలో పోసి గిలకరించాడు.

"కళ్లు మూసుకోండి సారూ. గది నిండా పొగ అనుకోండి. తెరవండి!"

డెవ్లిన్ డబ్బా ముట్టుకోలేదు. "గేటు మీ ఇష్టమని ముందే చెప్పాను."

క్రిసాంతా చంకలో ఇంకా తలకిందులుగానే ఉన్న సాన్ అంతోనియోని బల్లమీద పెట్టింది. "ఈయన శిక్ష అయిపోలేదు. నీది ఇప్పుడే మొదలు, నాయనా."

"మా ఇష్టం చెప్తాను, రాసుకోండి," అంది మిరేయా. "గేటు కావాలి. తాళంచెవి అక్కర్లేనిది. లోపల గొళ్లేనికి రేకు కప్పు ఉంటుంది, బయటి చెయ్యి అందదు. మా అమ్మ ఒక్క నొక్కు నొక్కితే తెరుచుకోవాలి. ఇనుప మెట్లున్న ప్రతి కిటికీకీ పెట్టాలి, మీ ఖర్చుతో. వీధి తలుపుకి తాళం వెయ్యాలి. ఆ నిచ్చెన పైకెత్తి కొక్కేనికి తగిలించాలి. రేపు కాదు. మేస్త్రీ వచ్చేదాకా మేమిక్కడే కూర్చుంటాం. ఫోన్ ఎత్తండి!"