ఒక తోటకు ఒకే యజమాని

దశరథరామయ్య గారి తోట అంటే చాలు, ఆగిరిపల్లిలో ఏ ఆటోవాడూ దారి అడగడు. ఆ దశరథరామయ్యను నేనే. అలాంటి నన్ను పట్టుకుని మా మామిడి రైతుల కంపెనీ కంప్యూటరు డూప్లికేటువి పొమ్మంది. ఒళ్ళు మండదా మరి?

ఇదంతా ఈ మధ్య ఆఫీసులో చేరిన హరిచందన నిర్వాకం. రైతుల వివరాలు కలగాపులగంగా ఉన్నాయని వచ్చీ రాగానే ఆ పిల్ల కంప్యూటరుకు రూల్సు నేర్పింది. ఒక సర్వే నంబరుకు ఒకే యజమాని ఉండాలట. అదే తోట రెండు పేర్ల మీద కనిపిస్తే, పాస్‌పుస్తకంలో ఉన్నవాళ్ళ ఫోనుకు దానంతట అదే ప్రశ్న పంపుతుందట: రెండో పేరు ఉంచాలా, తీసేయాలా? కారణం రాయందే కదలదు. సాయంత్రంలోగా జవాబు రాకపోతే రెండో పేరు గాల్లో కలిసిపోతుంది.

ఆ రెండో పేరు నాది. పాస్‌పుస్తకం మా ఆవిడ బసవమ్మది. పసుపు కుంకాల కింద మా మామగారు కూతురికి రాసిచ్చిన భూమి. అయితే మాత్రం? కాపు గుత్తకిచ్చేది నేను, మందు కొట్టించేది నేను, కంపెనీ మీటింగుల్లో గొంతు చించుకునేది నేను. కంపెనీలో చేరేటప్పుడు తోట ఎవరిదని అడిగితే నాదన్నాను. అది అబద్ధమా? ఆఫీసుకెళ్ళి ఇదే అడిగాను.

"అబద్ధమని ఎవరన్నారు తాతగారూ?" అంది హరిచందన నవ్వాపుకుంటూ. "కానీ పేరు పోతే ఇక మీటింగుల్లో మీకు ఓటుండదండి. మామిడి పెట్టెల మీద కూడా మామ్మగారి పేరే పడుద్ది."

"ఆ ఉంచు అనేదేదో నువ్వే నొక్కెయ్యమ్మా."

"నేను నొక్కితే ఒప్పుకోదండి. ఆ రూలు రాసింది నేనే."

ఇంటికొచ్చాను. ఇంట్లో వాతావరణం అసలే బాగాలేదు. మా వైపు తోట గుత్తకిచ్చినా ఇంటి ఆవకాయకని రెండు చెట్లు అట్టేపెట్టుకుంటాం. ఈ ఏడు కాయల వ్యాపారి నాగరాజుకు ఇస్తూ, నలుగురూ చూస్తున్నారు కదాని, "ఆ రెండూ కూడా నువ్వే కోసుకోవయ్యా" అనేశాను. ఆనాటి నుంచి బసవమ్మ నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడదు. అన్నం పెట్టేటప్పుడు గరిటె మాత్రం గట్టిగా మాట్లాడుతుంది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. "నీ ఫోనుకేదో వచ్చిందట?"

"వచ్చింది."

"ఉంచమని నొక్కరాదూ?"

"కారణం రాయమంటోంది. ఏం రాయమంటారు?"

"ఏం రాయడమేంటి? తోట నాదని రాయి!"

"నాదైతేను?" అంది, చేటలో ఆవాలు చెరుగుతూ.

ముందు ఆవిడ కోపం తీర్చాలి. వాకిట్లోకొచ్చి నాగరాజుకు ఫోన్ చేశాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడమంటే నాకు తల కొట్టేసినట్టే. అయినా తప్పదు కదా, "ఆ ఆవకాయ చెట్లు రెండూ..." అని నసిగాను.

"వాటి జోలికి నేనెళ్ళలేదండి. అమ్మగారు ఆ రోజే కబురంపారు. అయ్యగారు నొచ్చుకుంటారు, ఆయనతో అనొద్దన్నారండి" అన్నాడు.

చెట్లూ దక్కించుకుంది, నలుగురిలో నా పరువూ కాపాడింది. ఇన్నాళ్ళూ నేనొచ్చి ఒక్క మాట అడుగుతానేమోనని చూసిందన్నమాట. సిగ్గేసింది. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి పీట లాక్కుని కూర్చున్నాను.

"ఆ చెట్ల కాయ ఎప్పుడు కోయిద్దామంటావు?"

బసవమ్మ చేట దించింది. నేనిలా అడగడం ఆవిడకూ కొత్తే. "ఇంకో నాలుగు రోజులు ఆగితే టెంక ముదురుద్ది" అంది. ఫోను సంగతి మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పొద్దు వాలేదాకా వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

దీపాల వేళకు హరిచందన ఫోన్ చేసింది. "మామ్మగారు ఉంచమన్నారండి! మీకు సాగు చేసేవారు అని వేరే గడి పెట్టేస్తున్నాను, ఇక డూప్లికేట్ గొడవ రాదు."

"కారణం ఏం రాసిందమ్మా?"

"చదువుతున్నానండి. భూమి మా నాన్న ఇచ్చాడు. ఆ ముళ్ళకంపంతా కొట్టి దాన్ని తోట చేసి నాకిచ్చింది ఈయన."

నాకే గుర్తులేని సంగతి. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నాతో ఒక్కసారీ అనలేదు మహాతల్లి. వెళ్ళి వెళ్ళి కంప్యూటరుకు చెప్పింది.