నాలుగో వైరు

హాలు గోడమీద, ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ మళ్లీ కన్నుమూసింది. వారంలో ఇది మూడోసారి. ఐలీ వేలితో పొడిచి చూసింది, అరచేత్తో ఒకటిచ్చింది. నల్లటి గాజులో ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు తోలిన తన మొహం తప్ప ఇంకేమీ కనిపించలేదు. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. సరస్సు మీది గాలి కిటికీల్ని పట్టి గుంజుతోంది.

వంటగదిలో గంట మోగింది. మేడమీది గదిలోంచి అక్క లెంపీ నొక్కుతోంది. పక్షవాతంతో ఎడంపక్క పడిపోయాక, చలి సోకితే చాలు ఆమె ఒళ్లు కొయ్యబారిపోతుంది. ఐలీ మోకాలు పట్టుకుని పద్నాలుగు మెట్లెక్కి ఇంకో దుప్పటి కప్పింది.

"చచ్చిందా మళ్లీ?"

"చచ్చింది. రూడీకి ఫోన్ చేశా."

"ముచ్చటగా మూడోసారి. వాడు నీకోసమే వస్తున్నాడనుకుంటారే వీధిలోవాళ్లు."

ఐలీకి నవ్వే ఓపిక కూడా లేదు. కింద ఫ్రిజ్ మీద, రై రొట్టె బుట్ట అడుగున ఒక కాగితం ఉంది. మంచానపడ్డవాళ్లను చూసుకునే ఆశ్రమానిది. అన్నీ నింపేసింది, సంతకమే తక్కువ. ఈసారి కూడా వేడి నిలవకపోతే అది పెట్టేస్తానని మొన్ననే గట్టిగా అనుకుంది. అక్కకు తెలియదనే ఆమె ధీమా.

నిజానికి ఈ కొత్త యంత్రం కొన్నదే మోకాళ్ల కోసం. పాత గుండ్రటిది ఉన్నప్పుడు వేడి పెంచమని ఒకసారి గంట, తగ్గించమని ఇంకోసారి. ఇదైతే లెంపీ మంచంలో పడుకునే టాబ్లెట్ పలక మీద వేలు రాసి మార్చుకోవచ్చు. పాతదాన్ని ఇనుప సామాన్లవాడు పట్టుకుపోయాడు.

రూడీ గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికొచ్చాడు. ఈ కొండమీది పాత ఇళ్ల బాయిలర్లకు నలభై ఏళ్లుగా అతనే వైద్యుడు. వేడివేడి కాఫీ తాగి, ఈసారి యంత్రాన్ని అడుగు పలకతో సహా గోడలోంచి ఊడబెరికాడు.

"ఇది పాతదానిలా కాదు ఐలీగారూ, దీనికి తిండి కావాలి. వైర్లేమో రెండే ఇచ్చాం. బాయిలర్ ఆగినప్పుడల్లా ఆ వైర్లలోంచే నాలుగు మెతుకులు దొంగిలించి కడుపు నింపుకుంటోంది. చలి ముదిరితే బాయిలర్ ఆగదు కదా, ఇక దీనికి పస్తే."

"అంటే పని ఎక్కువైన రోజే పడిపోతుందన్నమాట. నాలాంటిదే."

రూడీ లైటు వేసి గోడ కన్నంలోకి తొంగిచూశాడు. "ఇదిగో! లోపల నాలుగు వైర్లున్నాయి. ఒక్కటి ఇస్తే చాలు, దీని ఆకలి తీరిపోతుంది. కానీ మిగిలిన రెండూ ఇంకెక్కడికో ముడేశారే..."

అతను నీలం వైరును మెల్లగా లాగాడు. వంటగదిలో గంట కీచుమంది.

ఐలీకి అర్థమైంది. అమ్మ మంచాన పడ్డప్పుడు నాన్న కట్టిన గంట. కొత్త వైరు కొనే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు, ఉన్నవాటితోనే ముడేశాడు.

"వైరు కావాలంటే గంట పోతుంది. కొత్తది దింపాలంటే గోడ తవ్వాలి, వేసవి దాకా కుదరదు. బ్యాటరీ గంట కొనుక్కోరాదూ?"

"రెండు కొన్నా. ఒకటి కాఫీలో పడింది, రెండోది దుప్పటితోపాటు ఉతికేశా."

మేడమీంచి కేక వినపడింది. "కొయ్యరా రూడీ, ఆ గంట కోసెయ్!"

ఐలీ మళ్లీ మెట్లెక్కింది. "గంట లేకపోతే నన్నెలా పిలుస్తావక్కా?"

లెంపీ గోడవైపు చూస్తూ అంది. "ఫ్రిజ్ మీది కాగితం సంగతి నన్ను చూడ్డానికొచ్చే నర్సు చెప్పింది. అక్కడ మంచానికో గంట ఉంటుందట. గంట లేని ఇల్లే నాకు నయం."

ఐలీ మంచం అంచున కూలబడింది. దుప్పటి సర్ది లేచి, మెట్లమీంచి కిందికి "కోసెయ్ రూడీ" అంది.

గంటసేపట్లో నీలం వైరు బాయిలర్ దగ్గరి కరెంటుకు చేరింది. యంత్రం కళ్లు తెరిచింది. నేలమాళిగలో బాయిలర్ గురక పెట్టింది, వేడినీళ్ల గొట్టాలకు బిగించిన ఇనుప రేడియేటర్లు గదిగదిలో ఒక్కొక్కటే ఒళ్లు విరుచుకున్నాయి.

"ఏ వైరు దేనిదో రాసి బాయిలర్‌కు అంటిద్దాం. నా తర్వాత వచ్చేవాడికి పనికొస్తుంది" అన్నాడు రూడీ. "కాగితముందా?"

ఐలీ రొట్టె బుట్ట ఎత్తి, అడుగున ఉన్నదాన్ని లాగి, వెనక్కి తిప్పి రూడీ చెప్పినట్టు రాసింది. *ఎర్రది, తెల్లది బాయిలర్‌ను పిలిచేవి. నీలంది కరెంటు. పచ్చది గంటది, ఇప్పుడు ఖాళీ.* రూడీ ముందువైపు చదివాడు. టేపు నాలుగు మూలలా గట్టిగా వేశాడు.

ఆమె కుర్చీలో కూర్చుని పాదాలు రేడియేటర్‌కు ఆనించింది. పొద్దుటినుంచి కుదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి. కళ్లు మూతలు పడుతున్నాయి.

టంగ్!

పాదాల కిందే మోగింది. టంగ్, టంగ్! వంటగదిలో, హాల్లో, నేలమాళిగలో, గొట్టమున్న ప్రతిచోటా.

బూట్లు తొడుక్కుంటున్న రూడీ తలెత్తాడు. "మీ నాన్నగారి గంటే నయమేమో!"

"ఉడికిపోతున్నానే!" మేడమీద లెంపీ చెంచాతో రేడియేటర్‌ను వాయిస్తోంది.

"పలక నీ దగ్గరే ఉందిగా, తగ్గించుకో!"

"అది మంచం కింద పడింది!"

ఐలీ మోకాలి మీద చెయ్యేసి లేచింది. మెట్లు ఇంకా పద్నాలుగే.