అధ్యక్షులవారి పుడ్డింగ్ కేసు

కొరీన్ డాల్‌రింపుల్ పనిచేసే ప్రాసిక్యూటర్ల కౌన్సిల్ ఎలాంటిదంటే, పంతులమ్మని ఉంచాలా పంపెయ్యాలా అన్నది పిల్లలే చేతులెత్తి తేల్చే బడి లాంటిది. రాష్ట్రంలో ప్రతి కౌంటీలోనూ, అంటే జిల్లాలోనూ, జనం ఓట్లేసి ప్రభుత్వం తరఫున నేరాల కేసులు వాదించే ఒక ప్రాసిక్యూటర్‌ని ఎన్నుకుంటారు. ఆ ప్రాసిక్యూటర్లంతా తమలోంచి తొమ్మిదిమందిని బోర్డుకి పంపుతారు. బోర్డు ఒక అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంది. కౌన్సిల్ పని ఈ ప్రాసిక్యూటర్లకీ, వాళ్ల దగ్గర కొత్తగా చేరిన లాయర్లకీ శిక్షణ ఇవ్వడం. ఆ శిక్షణ ఇచ్చేది కొరీన్. అంటే ఆమె ఎవరి తప్పులు దిద్దాలో, ఆమె జీతం మీద సంతకం పెట్టేది వాళ్లే.

అధ్యక్షుడు వెండెల్ హాస్టెట్లర్. తమరాక్ కౌంటీ ప్రాసిక్యూటర్. ఎన్నేళ్లుగా అధ్యక్షుడంటే, ఆ కుర్చీ ఆయన ఆకారంలోకి వచ్చేసింది, ఇంకెవరైనా కూర్చుంటే ఎడమవైపుకి ఒరిగిపోతారు. తమరాక్ కౌంటీలో ఆయన చేతిలోంచి తప్పించుకున్న ముద్దాయి ఒక్కడే. వాడు విచారణ మొదలవకముందే చచ్చిపోయాడు. దాన్ని కూడా వెండెల్ ఓటమి అని ఒప్పుకోడు, వాయిదా అంటాడు.

ఆయనకి కొరీన్ అంటే కోపం లేదు. ఆమె చెప్పే ఒక్క పాఠమంటేనే కోపం. శిక్షణ వారంలో చివరిరోజు మధ్యాహ్నం కొరీన్ ఒక పాఠం చెబుతుంది: ముద్దాయికి పనికొచ్చే సాక్ష్యం ఏదైనా మీ చేతికి దొరికితే, అవతలి లాయరు అడిగినా అడక్కపోయినా, అతనికి ఇచ్చి తీరాలి. ఇది చట్టంలో ఉన్న మాటే. కానీ చట్టంలో ఉన్న మాటని అలా పనిగట్టుకుని గుర్తుచెయ్యడం వెండెల్‌కి మర్యాదగా అనిపించేది కాదు.

అందుకని ఆయన ఒక తీర్మానం తెచ్చాడు. ఆ పాఠం తీసెయ్యాలి, దాంతోపాటు కొరీన్ ఉద్యోగమూ తీసెయ్యాలి, ఇకమీదట శిక్షణ అంతా వీడియోల్లోనే జరగాలి. వీడియోల్లో మాట్లాడేది వెండెల్. విషయం, వెండెల్ గెలిచిన కేసులు. బోర్డులో నలుగురు ఆయన వైపు, నలుగురు కొరీన్ వైపు. అటూ ఇటూ సమానమైతే తేల్చేది అధ్యక్షుడి ఓటు. ఫలితం ఏమిటో హోటల్లో కాఫీ పోసేవాళ్లకి కూడా తెలుసు. కొరీన్ ఆఫీసులోని మొక్కని తెచ్చి, కారు ముందు సీట్లో పెట్టి, సీటు బెల్టు కూడా కట్టేసింది. తనకి మిగిలిన స్నేహితురాలు అదొక్కతే అన్నట్టు.

బోర్డు సమావేశం శుక్రవారం, భోజనాలయ్యాక. అంతకుముందు, ఆనవాయితీ ప్రకారం, ఉత్తుత్తి విచారణ. సరస్సు పక్కన ఉన్న ఆ హోటల్లోనే ఏటా జరుగుతుంది. కొత్తగా చేరిన లాయర్లు ప్రాసిక్యూటర్‌గానూ, ముద్దాయి తరఫు లాయరుగానూ వాదిస్తారు. ముద్దాయి వేషం ఎప్పుడూ అధ్యక్షుడిదే. వెనకటికి ఆ వేషం వెయ్యడానికి ఎవరూ ముందుకు రాకపోతే, విసిగిపోయి ఎవరో నియమావళిలోనే రాసిపారేశారట. వెండెల్‌కి ఆ వేషమంటే మహా ఇష్టం. ముద్దాయికి శిక్షపడటం ఎంత సహజమో కొత్త లాయరు పిల్లలకి దగ్గరుండి చూపించినట్టుంటుందని.

తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చునేది ఊళ్లోని మెథడిస్టు చర్చిలో బొంతలు కుట్టే ఆడవాళ్లు. వాళ్లకి ఇచ్చేది ప్లేటు దాటి నాలుగువైపులా వేలాడే పంది మాంసం శాండ్‌విచ్. దానికోసం వాళ్లు చూపించే నిష్ఠ, హత్య కేసుల్లో కూడా కనపడదు. వాళ్ల పెద్ద ఆర్లీన్ ఓవర్‌హోల్ట్, మూడో తరగతి టీచరుగా రిటైరైన మనిషి. వెండెల్‌కీ మూడో తరగతి చెప్పింది ఆవిడే.

ఈ ఏడాది కేసు రాసింది కొరీన్. చర్చి విందుకోసం ఒకావిడ చేసి పెట్టిన పర్సిమన్ పండ్ల పుడ్డింగ్‌ని ముద్దాయి చర్చి వంటగదిలోకి దూరి ఎత్తుకుపోయి తినేశాడన్నది అభియోగం. ప్రార్థనా స్థలంలో దొంగతనం కాబట్టి పెద్ద నేరం. ప్రాసిక్యూటర్‌కి ఇచ్చిన కాయితాల్లో కొరీన్ ఒక ఫోటో పెట్టింది. సరిగ్గా ఆ సమయానికి ముద్దాయి ఇంకో ఊళ్లో పెట్రోలు కొట్టిస్తున్నట్టు బంకు కెమెరాలో పడిన ఫోటో; ముద్దాయి వేషం వెండెల్‌దే కాబట్టి అందులో అతికించింది ఆయన బొమ్మనే. దాన్ని అవతలి లాయరుకి ఇస్తే ముద్దాయి బయటపడతాడు. ఇస్తారా లేదా అన్నదే పరీక్ష.

ప్రాసిక్యూటర్‌గా చీటీలో పేరొచ్చింది మేరీబెత్ జూక్‌కి. వెండెల్ ఆఫీసులోనే కొత్తగా చేరిన అమ్మాయి. ఆమె ఫోటోని ఎవరికీ ఇవ్వలేదు. పైగా పుడ్డింగ్ మీద ఎంత గొప్పగా వాదించిందంటే, హోటల్ మేనేజరు కళ్లు తుడుచుకున్నాడు. ఖాళీ గిన్నె చూసుకున్న ఆవిడ గుండె ఎలా పగిలిందో చెబుతుంటే, జ్యూరీలో ఒకావిడ వెండెల్ వైపు చూసి పర్సు దగ్గరికి లాక్కుంది.

జ్యూరీ శాండ్‌విచ్‌లు తింటూ ఆలోచించి, నేరం రుజువైందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెండెల్ లేచి తలవంచి నమస్కారం పెట్టాడు. కొరీన్ మాత్రం గోడవైపు కుర్చీలో కూర్చుని, తన పాఠం ఎంత అవసరమో ఇంత చక్కగా రుజువైన రోజే అది పోతోందే అనుకుంది.

బోర్డు సమావేశం అదే హాల్లో మొదలైంది. కొత్త లాయర్లు, జ్యూరీ ఆడవాళ్లు వెనక వరసల్లోనే ఉండిపోయారు. ఇంకా కాఫీ రాలేదు. వెండెల్ సభ మొదలుపెట్టడానికి చెక్కసుత్తి ఎత్తాడు. దాన్ని కొట్టేలోపే కార్యదర్శి ఫ్లాయిడ్ పెటిబోన్ వేలు ఎత్తాడు. నియమావళిని దిండు కింద పెట్టుకుని పడుకుంటాడని ఫ్లాయిడ్‌కి పేరు. అది అబద్ధం, దిండే నియమావళి.

బోర్డు సభ్యుడెవరైనా పెద్ద నేరం చేశాడని జ్యూరీ తేలిస్తే ఆ క్షణం నుంచే అతని స్థానం ఖాళీ అయినట్టు, అని ఫ్లాయిడ్ గొంతు సవరించుకుని చదివాడు. చదివి, వెండెల్ చేతిలోని సుత్తిని మెల్లిగా తీసుకున్నాడు.

వెండెల్ నవ్వాడు. "ఒరే ఫ్లాయిడ్, అది నాటకం రా."

"ఇందులో జ్యూరీ అని ఉంది. నిజం జ్యూరీ అని లేదు."

నియమావళి చేతులు మారింది. లాయర్లు కదా, అందరూ కళ్లద్దాలు తీసి, పెట్టి, మళ్లీ తీసి చదివారు. నిజంగానే లేదు. రాసి ఉన్నదాన్ని రాసినట్టే చదవాలని జీవితమంతా జడ్జీల ముందు గొంతు చించుకున్నవాళ్లు వాళ్లు. పోనీ జ్యూరీ పొరపాటు పడిందని అనేద్దామా అంటే, జ్యూరీ తీర్పుని గౌరవించాలి అన్న మాట ఒక్కటే పట్టుకుని ప్రతి ఒక్కరూ ఎన్నికలు గెలిచారు. జ్యూరీ తప్పు చేసిందని తను నోటితో అంటే, తన కౌంటీలో జైల్లో ఉన్నవాళ్లంతా ఆ ముక్క గోడ మీద రాసుకుంటారని వెండెల్ వైపు సభ్యుడే ఒకడు బాధపడ్డాడు.

అధ్యక్షుడు లేకపోతే నలుగురికి నలుగురు. సమానమైతే తీర్మానం వీగిపోతుంది. కొరీన్‌కి కారులో ఉన్న మొక్క గుర్తొచ్చింది. కిటికీ కొద్దిగా దించి వచ్చానా అనుకుంది.

వెండెల్ ముఖంలో నవ్వు పోయింది. "నేను ఆ పుడ్డింగ్ తినలేదు," అన్నాడు.

"అందరూ అదే అంటారు," అన్నాడు ఫ్లాయిడ్. ఆ మాట తమరాక్ కౌంటీలో వెండెల్‌కి ఊతపదం. అచ్చు ఆయన గొంతుతోనే అన్నాడు.

అప్పుడు వెనక వరసలోంచి మేరీబెత్ లేచింది. ఎవరికైనా పనికొస్తుందేమోనని ఫోటో పట్టుకుని ముందుకొచ్చింది. వెండెల్ దాన్ని లాక్కుని చూశాడు. పెట్రోలు గొట్టం పట్టుకుని తనే.

"ఇది ఉంచుకుని నన్ను దొంగని చేశావా? నా లాయరుకి ఎందుకివ్వలేదు?"

"వాళ్లు అడగలేదు కదా సార్. అడగనిది ఇచ్చేవాడు ప్రాసిక్యూటర్ కాదు, పోస్ట్‌మాన్ అని చేరిన రోజే మీరు చెప్పారు." ఆ అమ్మాయి గొంతులో వెటకారం లేదు. మెచ్చుకుంటాడేమోనని ఎదురుచూస్తున్నట్టుంది.

ఫ్లాయిడ్‌కి ఆ రోజు పండగే. దారి ఒకటుందన్నాడు. ముద్దాయికి పనికొచ్చే సాక్ష్యాన్ని దాచారు కాబట్టి తీర్పు కొట్టెయ్యమని అడగొచ్చు. కాకపోతే అలా అడిగితే, ఆ పాఠం అవసరమేనని అధ్యక్షులవారు రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నాక తీసెయ్యమని ఎలా అంటారు? ఒప్పుకోకపోతే స్థానం లేదు. స్థానం లేనిదే ఓటు లేదు.

వెండెల్ కొరీన్ వైపు చూసి, తల తలుపు వైపు ఊపాడు. ముప్పై ఏళ్లుగా ఆయన ఆ ఊపు ఊపితే, ముద్దాయి లాయర్లు లేచి, చిన్న నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరానికి వెంట నడిచేవాళ్లు. కొరీన్ కూడా అలవాటుగా లేచింది. వరండాలో ఐసు మిషన్ పక్కన నిలబడ్డాక గానీ, బేరానికొచ్చింది తను కాదు, ఆయనేనని ఆమెకి తట్టలేదు.

"ఏం కావాలమ్మా నీకు?" అన్నాడు వెండెల్.

"తీర్మానం వెనక్కి తీసుకోండి."

"తీసుకుంటే?"

"నేరం తగ్గిస్తాం. దొంగతనం తీసేసి, అనుమతి లేకుండా వంటగదిలోకి వెళ్లడం అని రాద్దాం. చిన్న నేరం. మీ కుర్చీ మీకుంటుంది."

"నేను ఆ వంటగదిలోకే వెళ్లలేదు కదా. బంకులో ఉన్నాను."

"మీతో బేరమాడుకున్నవాళ్లలో ఎంతమంది నిజంగా ఆ నేరం చేశారు సార్?"

ఐసు మిషన్ గడగడమని ఐసు దింపింది. ఆ ప్రశ్న తనని ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నట్టు వెండెల్ దానివైపే చూశాడు. తర్వాత, శిక్ష ఏమిటని అడిగాడు. ఈ మధ్యాహ్నం పాఠానికి మొదటి వరసలో కూర్చోవడం అంది కొరీన్. చొక్కాకి పేరు చీటీ కూడా పెట్టుకోవాలంది. ఆ చివరి ముక్క ఆమె నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

బేరానికి జ్యూరీ ఒప్పుకోవాలని ఫ్లాయిడ్ పట్టుబట్టాడు. అలాంటి నియమం ఏదీ లేదు. ఆర్లీన్ మాత్రం ఉందనే అనుకుంది. కుడుతున్న బొంత ముక్క ఒళ్లో పెట్టుకుని, పుడ్డింగ్ చేసినావిడకి క్షమాపణ చెబితేనే ఒప్పుకుంటానంది.

"టీచర్, అలాంటావిడ లేదు. కొరీన్ పుట్టించిన కేసు అది," అన్నాడు వెండెల్.

"లేకపోతే ఏంటి, చెప్పు నాయనా. మూడో తరగతిలో కూడా నీకు ఈ మాట నోటికి వచ్చేది కాదు."

వెండెల్ హాస్టెట్లర్ లేచి నిలబడి, ఈ లోకంలో లేని ఒక ఆడమనిషికి, తను తినని పుడ్డింగ్ గురించి క్షమాపణ చెప్పాడు. తర్వాత తీర్మానం వెనక్కి తీసుకున్నాడు. ఫ్లాయిడ్ సుత్తి తిరిగిచ్చాడు, కొంచెం బాధగానే.

పాఠం ఆలస్యంగా మొదలైంది. మొదటి వరసలో, చొక్కాకి "హలో, నా పేరు వెండెల్" అన్న చీటీతో ఆయన కూర్చున్నాడు. కొరీన్ మొదటి వాక్యం పూర్తిచెయ్యగానే చెయ్యెత్తాడు. ఆమె సరేనన్నాక లేచి, వెనక్కి తిరిగి, పిల్లలందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక అమాయకుడి మీద దొంగతనం మోపితే ఎలా ఉంటుందో మీకు తెలీదన్నాడు. రుజువు అదే హాల్లో ఉందనీ, దాన్ని ఒకరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారనీ తెలిస్తే ఎలా ఉంటుందో అసలే తెలీదన్నాడు. చెబుతూ చెబుతూ, ఈ పాఠం తనే పెట్టించినట్టు మాట్లాడాడు. కొరీన్ ఆపలేదు. తను పదేళ్లు చెప్పినా ఎవరూ పెన్ను తియ్యని మాటని, ఇప్పుడు అందరూ రాసుకుంటున్నారు.

మేరీబెత్ రాసుకోవడం ఆపి చెయ్యెత్తింది.

"సార్, ఇది నేను చేరిన రోజు మీరు చెప్పినదానికి బదులా? దాంతోపాటా?"

వెండెల్ నోరు తెరిచాడు. చివరి వరసలో ఆర్లీన్ సూది ఆపి, కళ్లద్దాల మీదుగా చూసింది.

"బదులు," అన్నాడు వెండెల్, చాలా మెల్లిగా. అని కూర్చున్నాడు.

కొరీన్ ఒక్క నిమిషం ఆగమని చెప్పి బయటికి వెళ్లింది. కారులోని మొక్కకి కట్టిన బెల్టు విప్పి, తెచ్చి బల్ల మీద, వెండెల్ ఎదురుగా పెట్టింది. పాఠం రెండో వాక్యం మొదలుపెట్టింది.