పనికిరాని ఫ్రేములు

అక్క తమ్ముడి సంచి సర్దుతోంది. గ్రీజు డబ్బా, రెంచీలు, కొత్త గొలుసు, ఉన్ని టోపీ, నీళ్ల సీసా. అన్నిటికీ పైన పెద్ద టార్చిలైటు పెట్టింది. భర్త దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె మళ్లీ పెట్టింది. ఆయన మళ్లీ తీశాడు.

"అక్కడ తెల్ల లైటు వెలిగించకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? ఎర్రది ఇచ్చాగా."

ఎర్రది బొటనవేలంత ఉంది. దాంతో కాళ్ల కింద నేల కూడా సరిగ్గా కనబడదు.

ఆయనది కళ్లద్దాల దుకాణం. దుకాణం వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, ఊళ్లకు దూరంగా కొండ మీద పెట్టించిన టెలిస్కోపును నడుపుతుంటాడు. అలాంటివాళ్లవి ఆ కొండ మీద ఇంకొన్ని ఉన్నాయి. అందరూ దూరం నుంచి నడిపేవాళ్లే. కింద గేటు దగ్గర ఒక్క కాపలాదారు ఉంటాడు. ఫోటోల్లో వెలుగు పడుతుందని రాత్రిళ్లు గేటు దాటి బండి పోనివ్వరు.

చలికాలం మొదట్నుంచీ ఆయన ఒకే నీహారికను పట్టుకుని కూర్చున్నాడు. ఆ ధూళిమేఘం ఎంత మసకంటే, ఒక్క ఫోటోలో ఏమీ తెలియదు. ఒక్కొక్క ఫ్రేమే తీసి, చెడినవి పారేసి, మిగిలినవన్నీ కలిపితే మెల్లగా ఎర్రటి రెక్కలాంటిది బయటపడుతుంది. ఇంకొక్క రాత్రి తీస్తే చాలు. తర్వాత వెన్నెల మొదలవుతుంది, అది పోయేసరికి నీహారిక పడమటికి దిగిపోతుంది. సరిగ్గా ఇప్పుడే టెలిస్కోపు గది పైకప్పు సగం తెరుచుకుని బిగుసుకుపోయింది.

పట్టాల మీద జరిగే కప్పు అది. అక్క తమ్ముడు దుకాణాల షట్టర్లు బాగుచేస్తాడు కాబట్టి, అది చెడినప్పుడల్లా అతనే వెళ్తాడు. ఎప్పుడూ పగలే వెళ్లాడు. చిన్నప్పుడు దీపం ఆర్పితే ఏడ్చేవాడని పెళ్లయిన కొత్తలోనే బావ అతనికి 'దివిటీ' అని పేరు పెట్టాడు. ఇప్పటికీ నలుగురిలో అలాగే పిలుస్తాడు.

పొద్దున్నే వెళ్లకూడదా అని అక్క అడిగింది. పొద్దున చుక్కలు ఎవరు చూపిస్తారని భర్త నవ్వాడు.

"ఏం దివిటీ, భయమైతే చెప్పు. మీ అక్కను తోడు పంపిస్తా."

"అక్కొస్తే నేనే దానికి తోడుండాలి బావా," అన్నాడు తమ్ముడు, సంచి భుజాన వేసుకుంటూ.

పోతున్నానని చెప్పి మెట్లు దిగాడు. అక్క అతన్ని వెనక్కి పిలిచి, వెళ్లొస్తాననమంది. అతను నవ్వి ఆ మాట అన్నాడు, అన్నం ఉంచమని కూడా చెప్పాడు.

చీకటి పడ్డాక కప్పు పూర్తిగా తెరుచుకుంది. ఆ గదిలో తప్ప కొండ మీద ఇంకెక్కడా ఫోను పలకదు. తమ్ముడు అక్కడినుంచే ఫోను చేసి, పని అయిపోయింది, దిగుతున్నానన్నాడు. బావ తలుపు సరిగ్గా వెయ్యమని, లైటు వెలిగించొద్దని చెప్పి పెట్టేశాడు.

మొదటి ఫ్రేములు శుభ్రంగా వచ్చాయి. తర్వాత వచ్చినదాంట్లో కింది నుంచి పాలలాంటి తెలుపు పాకింది. ఆ తర్వాతిదీ అంతే. భర్త పళ్లు నూరాడు.

"మీ వాడే. ఫోను లైటు వేసుకుని తిరుగుతున్నాడు."

"వాడికేమైనా అయిందేమో. కాపలాదారుకు చెప్పండి."

"ఆ కాపలావాడు జీపేసుకుని పైకెక్కుతాడు. ఆ లైట్లకి రాత్రంతా నాశనం."

"పోనీ నంబరివ్వండి, నేను మాట్లాడతాను."

"దివిటీ అన్నానని మీ వాడికి కసి. నువ్వెళ్లి పడుకో."

ఆయన ఫోనును జేబులో వేసుకున్నాడు. ఫ్రేములు వస్తున్నకొద్దీ తెల్లవాటిని ఏరి పారేశాడు. ఆమె కుర్చీ వెనకే నిలబడింది. తెలుపు పలచబడింది, ఒక మూలకు చేరింది. చివరికి నల్లటి, నిర్మలమైన ఆకాశం వచ్చింది.

"చూశావా? దిగిపోయాడు," అన్నాడాయన.

ఆ మాట నమ్మి ఆమె అన్నం మీద మూత పెట్టి పడుకుంది.

తమ్ముడి వ్యాను ఇంకా గేటు దగ్గరే ఉందని తెల్లవారాక కాపలాదారు ఫోను చేశాడు. ఎవరిదో కొత్త టెలిస్కోపు దిమ్మె కోసం బాట పక్కన గొయ్యి తవ్వి, ఇనప చువ్వలు నిలబెట్టారు. ఆ సంగతి టెలిస్కోపులవాళ్లందరికీ ముందే తెలియజేశారు. దాన్ని బావమరిదికి చెప్పాలని ఆయనకు తోచలేదు. చీకట్లో అందులో పడ్డ తమ్ముడి తొడలో చువ్వ దిగింది. రక్తం నెమ్మదిగా పోయిందని, రాత్రే ఎవరైనా వచ్చి ఉంటే బతికేవాడని డాక్టరు చెప్పాడు. పైకెత్తి పట్టుకున్న ఫోను గుండెల మీద పడి ఉంది, చార్జి అయిపోయి.

పారేసిన ఫ్రేములు చూపించమని ఆమె అడిగింది. పనికిరానివి ఎందుకు దాస్తానన్నాడు భర్త.

మిగిలినవన్నీ కలిపితే రెక్క బయటపడింది. అందరూ మెచ్చుకున్నారు. బావమరిది జ్ఞాపకార్థం దానికి 'దివిటీ' అని పేరు పెట్టి, దుకాణంలో చూపు పరీక్షించే కుర్చీకి ఎదురుగా తగిలించాడు. చిన్న అక్షరాలు చదవలేనివాళ్లకు ముందు దాన్ని చూపించి, ఏం కనబడుతోందని అడుగుతాడు.

ఆమె తమ్ముడు ఆ కొండ దిగి రాలేదు. అది మార్చి నెల, అమావాస్య, గురువారం రాత్రి.