చక్రం కింద పెళ్ళికోటు

నేను ఒక పెళ్ళికోటును. మెరూన్ రంగు, బంగారు రంగు గుండీలు, లోపల పట్టులా జారే అస్తరు. కాకినాడలో పుట్టాను. సోమసుందరంగారు రిసెప్షన్ నాడు నన్ను తొడుక్కుని, ఫొటోలయ్యేదాకా చెమటలు కక్కి, విప్పగానే హమ్మయ్య అనుకున్నారు. తరువాత ఆయన పొట్ట పెరిగింది, నేను పెరగలేదు. బీరువాలో కలరా ఉండల మధ్య నా యౌవనం గడిచిపోయింది.

ఒకసారి ఆయన భార్య ఉమాదేవిగారు, పాతబట్టలకు స్టీలు సామానిచ్చే వరహాలమ్మ ముందు నన్ను పడేశారు. బదులుగా ఒక క్యారేజీ వస్తుందని ఆవిడ ఆశ. వరహాలమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ ఉక్కలో కోటెవడేసుకుంటాడమ్మగారూ? పాత చీరలుంటే పట్టుకురండి" అంది.

నాకు చెంచా కూడా రాలేదు.

కొన్నాళ్ళకు సముద్రం అవతల ఒక దీవిని తుఫాను ఊడ్చేసింది. టీవీలో చూసి ఉమాదేవిగారు నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నారు. కాలనీ సంఘం బట్టలు పోగుచేస్తే, పెట్టె ఆవిడ వరండాలోనే పెట్టారు. చెంచాకు కొరగాని నేను సాయంత్రానికల్లా మహాదానమైపోయాను. దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు కదా, ఇక్కడ ఇచ్చేవాళ్ళు కూడా లెక్కపెట్టలేదు. పెట్టె మీద సంఘం పేరు, ఆవిడ ఫోన్ నంబరు రాసి ఓడెక్కించారు.

ఆ దీవిలో కాకినాడను మించిన ఉక్క. రేవులో మిగిలిన ఒకే ఒక్క గోదాము నిండా మేమే. స్వెట్టర్లు, ఎత్తుమడమల చెప్పులు, నేను. మాకంటే ముందే వచ్చిన సెలైన్ సీసాలు, నీళ్ళు శుద్ధిచేసే మందులు మా మూటల వెనక ఎక్కడో కూరుకుపోయాయి.

తుని వైపునుంచి వెళ్ళి ఆ దీవిలో స్థిరపడ్డ తలుపులు అనే అతను అక్కడ లారీ నడుపుతున్నాడు. అతని భార్య మంగ మురికినీళ్ళు తాగి, వాంతులు విరేచనాలతో శిబిరంలో సోలిపోయి ఉంది. సెలైన్ అందకపోతే బతకదని నర్సు చెప్పింది. అతను, రేవు కూలీలు పొద్దుటినుంచీ మమ్మల్ని ఈడ్చి బయట పారేశారు. మందుల పెట్టెలు దొరికి లారీకెక్కేసరికి వాన అందుకుంది. లారీ వెనక చక్రం బురదలో దిగబడింది. తలుపులు చుట్టూ చూసి, మందంగా ఉన్నానని నన్ను తీసి చక్రం కింద దోపాడు. అస్తరు చిరిగింది, గుండీలు రాలాయి, లారీ కదిలింది. నాకు గర్వమేసింది. పెళ్ళిలో కూడా నేను ఇంత పనికిరాలేదు.

మర్నాడు అతను మళ్ళీ వచ్చాడు. మంగ లేచి గంజి తాగిందట. నా పక్కన తడిసిన పెట్టె మీద తెలుగు అక్షరాలు చూసి, ముచ్చటపడి ఆ నంబరుకు ఫోన్ చేశాడు. చేతులు బురద కావడంతో స్పీకరు పెట్టాడు.

"అమ్మగారూ, మీ బట్టలందాయండి."

"మా మెరూన్ కోటు ఎవరికైనా పనికొచ్చిందా బాబూ?"

అతను నావైపు చూశాడు. "పనికొచ్చిందండి. దానివల్లే మా ఆవిడ బతికిందండి."

"ఎంత చల్లటి మాట చెప్పావు నాయనా. అయితే కాలనీలో కోట్లన్నీ పోగేసి పంపిస్తాను."

తలుపులు కంగారుగా ఫోను మీదికి వంగాడు.

"వద్దండమ్మగారూ. కోటు లారీ చక్రం కిందేశామండి. మందులన్నీ మీ బట్టల మూటల ఎనకాల ఉండిపోయాయండి. ఇంకాస్త ఆలీసమైతే మా మంగ దక్కేది కాదండి."

అవతల కుక్కర్ కూత ఒకటి వినిపించింది. ఫోన్ పెట్టేస్తారనుకున్నాను.

"మరి మీకేం కావాలి బాబూ?" అన్నారు ఉమాదేవిగారు.

"ఉండండి, నర్సమ్మనడిగి చెప్తానండి" అని అతను శిబిరానికి పరుగెత్తి, తిరిగొచ్చి ఆవిడకు చెప్పాడు. కావలసినవన్నీ ఇప్పుడు దీవిలోనే దొరుకుతున్నాయట, శిబిరం నడిపే ఆసుపత్రికి డబ్బు పంపితే చాలట. దానికి పెట్టె అక్కర్లేదు.

నన్ను మాత్రం అక్కడే వదిలేశారు. ఆ బురదలో లారీలు ఇంకా దిగబడుతూనే ఉన్నాయి. దిగబడినప్పుడల్లా ఎవరో ఒకరు నాకోసం వెతుకుతారు. నేను కావాలని ఎవరైనా వెతకడం ఇక్కడే చూశాను.